పాత ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయించాలా, కొత్త ఫోనే కొనాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. తణుకులో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. జాకెట్లు, మగ్గం వర్క్, కొద్దిగా చీరల అమ్మకం. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి, డబ్బులూ ఫోన్‌లోనే పడతాయి. 2021 దసరాకి కొన్న ఫోన్ ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికే ఛార్జింగ్ అయిపోతోంది. బజార్లో అడిగితే 1,800కి బ్యాటరీ మారుస్తామన్నారు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి ఏమో, "ఇంకా ఆ ఫోనేంటమ్మా, ఇప్పుడంతా ఏఐ. మడత ఫోన్ ఈఎంఐలో తీసుకుందాం, పెద్ద స్క్రీన్ మీద కస్టమర్లకి డిజైన్లు చూపించొచ్చు" అంటున్నాడు. త్వరలో ఫోన్లే పోయి కళ్లజోళ్లు వస్తాయట, అందాకా ఆగమని మా మరిది సలహా. నా దగ్గర 25 వేల దాకా ఉన్నాయి. ఇంకో మాట. మా అత్తయ్య గారికి షుగర్ ఉంది. సూది గుచ్చకుండా షుగరూ బీపీ చూపించే వాచీ 2,500కి ఆన్‌లైన్‌లో కనిపించింది. కొనొచ్చా? అన్నట్టు, నా ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ అన్న చోట 2024 జనవరి అని ఉంది. అది పనికొచ్చే విషయమో కాదో తెలియక రాస్తున్నాను.

– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందు మీ అత్తయ్య గారి వాచీ సంగతి తేలుద్దాం. ఫోన్ కొనడం నెల రోజులు ఆలస్యమైనా కొంపలు మునగవు. షుగర్ లెక్క తప్పితే మాత్రం ఒక్క పూటలో ఆసుపత్రి పాలవుతారు. ఆ వాచీ కొనొద్దు. ఎవరైనా ఊరికే ఇచ్చినా ఆ అంకె నమ్మొద్దు.

వాచీ వెనక పచ్చగా మెరిసే చిన్న లైట్లు మీరు చూసే ఉంటారు. రక్తం పచ్చ వెలుగుని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం కాస్త ఎక్కువగా వస్తుంది, అప్పుడు తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. మళ్లీ పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులు లెక్కపెట్టి వాచీ నాడి చెబుతుంది. ఆక్సిజన్ చూడటానికి ఎర్ర వెలుగూ, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగూ వాడతారు. ఇంతవరకు నిజమే, మంచి వాచీలు ఈ పని బాగానే చేస్తాయి. షుగర్ అలా కాదు. రక్తంలో ఉండే కొద్దిపాటి గ్లూకోజ్‌ని చర్మం పైనుంచే వెలుగుతో పట్టుకోవాలని పెద్ద పెద్ద కంపెనీలే ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నాయి. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ఈ విషయం మీదే హెచ్చరిక చేసింది. సొంతంగా షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, ఏ బ్రాండ్ అయినా సరే వాడొద్దని, ఆ లెక్క చూసి ఇన్సులిన్‌గానీ మాత్రలుగానీ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదమని చెప్పింది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అమ్మకి బీపీ. దగ్గరి బంధువు ఒకరు ప్రేమగా ఒక వాచీ తెచ్చిపెట్టారు, రెండు వేల లోపుదే. రోజూ బాగానే చూపిస్తోంది కదా అని అమ్మ మాకు చెప్పకుండా నాలుగు రోజులు మాత్ర మానేసింది. ఐదో రోజు తల తిరుగుతోందంటే పక్క వాటాలో ఉండే నర్సు వచ్చి చేతికి పట్టీ కట్టి చూసింది. 170/100. అదే నిమిషంలో వాచీ మీద 121/79 అని ఉంది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేను ఒక తువ్వాలుని గట్టిగా చుట్టి, దానికి ఆ వాచీ కట్టి, డైనింగ్ టేబుల్ మీద పెట్టి బీపీ గుర్తు నొక్కాను. పచ్చ లైట్లు వెలిగాయి. అర నిమిషం గుండ్రంగా తిరిగింది. తర్వాత 118/76 అని చూపించింది. అమ్మ నాలుగు రోజులు నమ్మింది ఈ అంకెనే కదా అని ఒళ్లు జలదరించింది.

తువ్వాలుకి కూడా బీపీ చెప్పే వాచీ అంటే, అది కొలవడం లేదు, ఏదో ఒక అంకె వేస్తోందన్నమాట. నిజంగా పరిశోధన చేసే కంపెనీలు ఇంత ధైర్యంగా అంకెలు వేయవు. ఆపిల్ 2025 సెప్టెంబరులో తన వాచీల్లో తెచ్చిన బీపీ సదుపాయం 30 రోజుల లెక్కలు చూసుకుని "మీకు బీపీ ఉండే సూచనలున్నాయి, డాక్టర్‌కి చూపించుకోండి" అని మాత్రమే అంటుంది. ఎంత ఉందో చెప్పదు. సామ్‌సంగ్ వాచీలో బీపీ చూడాలంటే మామూలు బీపీ మిషన్ పట్టీ కట్టుకుని ప్రతి 28 రోజులకీ సరిచూసుకోవాలి. అంత ఖరీదైన వాచీల సంగతే ఇలా ఉంటే, 2,500 వాచీ షుగర్ కూడా చెబుతుందంటే ఏం నమ్ముతాం?

అత్తయ్య గారికి వేలు గుచ్చుకోవడం నొప్పిగా ఉంటే డాక్టర్‌ని సీజీఎం గురించి అడగండి. చేతి వెనక అతికించే బిళ్ల లాంటి సెన్సర్ అది. వెంట్రుకంత తీగ ఒకటి చర్మం కిందికి వెళ్తుంది, అక్కడి ద్రవంలో గ్లూకోజ్‌ని పట్టుకుని రాత్రీ పగలూ ఫోన్‌కి పంపుతుంది. మనదగ్గర దొరుకుతున్న వాటిలో ఒకటి 14 రోజులు పనిచేస్తుంది. ఖరీదైనదే, ఎప్పుడూ పెట్టుకోవాల్సిన పనీ లేదు. మందు మార్చినప్పుడు రెండు వారాలు పెట్టి చూసే డాక్టర్లున్నారు. మిగతా రోజులకి మందుల షాపులో దొరికే మామూలు గ్లూకోమీటర్ చాలు. ఆ 2,500లో గ్లూకోమీటరూ స్ట్రిప్పులూ వచ్చేస్తాయి.

ఇక ఫోన్. మీరు చివర్లో మొహమాటంగా రాసిన ఆ 2024 జనవరి అన్న మాటే నాకు కావలసింది. మీ అబ్బాయి ఏఐ గురించి మాట్లాడుతున్నాడు, బజార్లో షాపాయన బ్యాటరీ గురించి మాట్లాడుతున్నాడు. అసలు తేల్చాల్సింది ఆ తేదీ.

ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడూ ఏదో ఒక కన్నం బయటపడుతూనే ఉంటుంది. దొంగలకంటే ముందే కంపెనీ దాన్ని పూడ్చి పంపితే అది సెక్యూరిటీ అప్‌డేట్. మీ ఫోన్‌కి ఆ పూడ్చడం 2024 జనవరితో ఆగిపోయింది. ఆ తర్వాత దొరికిన కన్నాలు చాలావరకు మీ ఫోన్‌లో తెరుచుకునే ఉన్నాయి. ఫొటోలూ యూట్యూబూ చూసుకునే ఫోన్ అయితే నేను పెద్దగా పట్టించుకోను. మీది కొట్టు గల్లాపెట్టె. రోజు సంపాదనంతా అందులోనే పడుతోంది.

పైగా ఇలాంటి ఫోన్‌ని బ్యాంకు యాప్‌లే ఒకరోజు కాదనవచ్చు. ఫోన్‌కి గత ఏడాది కాలంలో సెక్యూరిటీ అప్‌డేట్ అందిందా లేదా అని యాప్‌లు అడిగి తెలుసుకునే ఏర్పాటుని గూగుల్ 2025లో ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో పెట్టింది. దాన్ని ఎంత గట్టిగా అమలు చేయాలన్నది ఆయా బ్యాంకుల ఇష్టం. నాకు ఇది అనుభవమే. కెమెరా బాగుందని ముచ్చటపడి కొన్న ఫోన్‌కి రెండేళ్లకే అప్‌డేట్లు ఆగిపోయాయి. గీత పడలేదు, బ్యాటరీ బాగుంది, మరో రెండేళ్లు హాయిగా వాడాను. ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి మందుల షాపు ముందు నిలబడి డబ్బు పంపబోతే బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. "మీ పరికరంలో ఈ యాప్ పనిచేయదు" అన్న ఒక్క ముక్క. వెనక నలుగురు నిలబడి ఉన్నారు, జేబులో చూస్తే 140 రూపాయలున్నాయి. షాపాయన మంచివాడు కాబట్టి మందులిచ్చి పొద్దున ఇమ్మన్నాడు. మీకు అదే అవస్థ పెళ్లిళ్ల సీజన్‌లో, కొట్టు నిండా జనం ఉండగా వస్తే?

కాబట్టి నా సలహా: డబ్బు వ్యవహారాలకి కొత్త ఫోన్ కొనండి. పాత ఫోన్‌కి బ్యాటరీ కూడా వేయించండి, కానీ వేరే పనికి. ఆ పనేమిటో కింద చెబుతాను.

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ఛార్జర్ ఎన్ని వాట్లు అనేవి షాపువాళ్లు అడక్కుండానే చెబుతారు. మీరు అడగాల్సింది ఒకటి: "ఈ మోడల్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయి?" సంవత్సరం అడగండి, ఎన్నేళ్లు అని కాదు. ఎందుకంటే ఆ లెక్క మోడల్ విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది గానీ మీరు కొన్న రోజు నుంచి కాదు. ఏడాదిన్నర కిందటి మోడల్‌ని ఆఫర్‌లో కొంటే ఏడాదిన్నర అప్పటికే కరిగిపోయి ఉంటుంది. షాపులో కుర్రాడికి తెలియకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో చూపించమనండి.

నన్నడిగితే నాలుగైదేళ్లుగా ఫోన్లలో వచ్చిన అసలైన మార్పు ఇదే. మడత స్క్రీన్లకీ సన్నటి ఫోన్లకీ వచ్చినంత పేరు దీనికి రాలేదు. మీరు ఫోన్ కొన్న 2021లో మధ్య ధర ఫోన్లలో చాలావాటికి రెండు మూడేళ్లు అప్‌డేట్లు ఇస్తే గొప్ప. 2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8కి ఏడేళ్లు ఇస్తానంది. 2024 జనవరిలో సామ్‌సంగ్ ఎస్24కీ ఏడేళ్లు అంది. అవి ఖరీదైన ఫోన్లు, మనకెందుకులే అనుకోవద్దు. అదే ఏడాది అక్టోబరులో 19 వేల లోపు వచ్చిన అదే సామ్‌సంగ్ వాళ్ల గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించారు. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల్లో ఇది చట్టమే అయింది: ఒక మోడల్ అమ్మకాలు ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి, ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి, బ్యాటరీ 800 సార్లు నిండా ఛార్జ్ అయ్యాక కూడా 80 శాతం సత్తువ నిలుపుకోవాలి. మనకి ఆ చట్టం లేదు. మరమ్మతుకి ఎంత వీలుగా ఉందో చెప్పే మార్కులు ఫోన్ పెట్టెల మీద వేయించాలని కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీ 2025లో సిఫారసు చేసింది. అది త్వరగా అమల్లోకి రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. మీలా సొంత కష్టంతో ఫోన్ కొనుక్కునేవాళ్లకి దానివల్ల జరిగే మేలు ఏ ఏఐ వల్లా జరగదు.

ఇక్కడే మీకో చిక్కు వస్తుంది, ముందే చెబుతాను. మీ బడ్జెట్‌లో షాపువాళ్లు మీ బాధ విని పెద్ద బ్యాటరీ ఫోన్లు ముందు పెడతారు. అవి నిజంగానే బాగున్నాయి. మీ పాత ఫోన్ బ్యాటరీలో లిథియం కుదురుకునే చోటు గ్రాఫైట్, అంటే పెన్సిల్ ములుకులో ఉండే పదార్థం. అదే బరువు సిలికాన్ తీసుకుంటే దాదాపు పదింతల లిథియం పట్టగలదు. కాకపోతే ఛార్జ్ అయినప్పుడు సిలికాన్ మూడింతలు ఉబ్బి పగిలిపోతుంది. అందుకే దాన్ని కార్బన్‌తో కలిపి కొద్ది కొద్దిగా వాడటం మొదలుపెట్టారు. దాంతో ఫోన్ లావు పెరగకుండానే బ్యాటరీ పెరిగింది. 2025 ఏప్రిల్‌లో 22 వేల లోపు వచ్చిన ఐకూ జెడ్10లో 7,300 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంది. మూడు నాలుగేళ్ల కింద 5,000 ఉంటే పెద్ద బ్యాటరీ అనేవాళ్లం. రెండు రోజులు ఛార్జింగ్ పెట్టకుండా నడవొచ్చు.

అయితే ఈ ధరలో పెద్ద బ్యాటరీ ఇచ్చే ఫోన్లు చాలావరకు అప్‌డేట్లు తక్కువ ఏళ్లు ఇస్తున్నాయి, ఎక్కువ ఏళ్లు ఇచ్చేవాటిలో బ్యాటరీ మామూలుగా ఉంటోంది. రెండూ కలిసొస్తే సంతోషం. కలిసిరాకపోతే మీలాంటి పనివారికి నా ఓటు అప్‌డేట్లకే. బ్యాటరీ తగ్గితే కొట్లో ఛార్జర్ ఉంది, నాలుగేళ్లకి డబ్బు పెట్టి కొత్తది వేయించుకోవచ్చు. ఆగిపోయిన అప్‌డేట్లని ఏ షాపులోనూ కొనలేం.

ర్యామ్ 8 జీబీ ఉన్నది తీసుకోండి, స్టోరేజ్ వీలైతే 256. డిజైన్ల ఫొటోలు, మగ్గం వర్క్ వీడియోలు పెట్టుకునేవారికి 128 రెండేళ్లలో నిండిపోతుంది. వచ్చే దసరాకి ధర తగ్గుతుందేమో అని మాత్రం ఆగొద్దు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లని ఎగబడి కొంటున్నారు, 2025 చివరి నుంచి వాటి ధరలు బాగా పెరిగాయి, ఆ భారం ఫోన్ల మీదా పడుతోంది. పాత మోడల్ ఏడాదికి మూడు వేలు తగ్గే రోజులు ప్రస్తుతానికి లేవు.

ఏఐ సంగతి. మీ అబ్బాయి చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు, కానీ దానికోసం లక్ష పెట్టనక్కర్లేదు. ఫోన్లో ఏఐ రెండు రకాలు. ఒకటి ఫోన్‌లోని చిప్ మీదే నడిచేది. దానికి మంచి ప్రాసెసర్, ఎక్కువ ర్యామ్ కావాలి, ఖరీదైన ఫోన్లలో ఉంటుంది. రెండోది మనం అడిగింది ఇంటర్నెట్ మీద ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లకి వెళ్లి జవాబు తిరిగొచ్చేది. అది 12 వేల ఫోన్లోనూ అంతే, లక్షన్నర ఫోన్లోనూ అంతే. ఏది ఏదో తేల్చుకోవడానికి షాపులో ఒక పని చేయండి. ఏఐ అని చూపించే ప్రతిదానికీ, ముందు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై ఆపేసి, "ఇప్పుడు చేసి చూపించు బాబూ" అనండి. అప్పుడూ పనిచేస్తే అది ఆ ఫోన్ గొప్పతనం. పనిచేయకపోతే దానికి మీరు అదనంగా డబ్బివ్వాల్సిన పనిలేదు.

మీ పనికి పనికొచ్చేవన్నీ దాదాపు ఊరికే వచ్చేవే. గూగుల్ జెమిని యాప్ 2024 జూన్ నుంచి తెలుగులో ఉంది, మామూలు ఫోన్లోనూ నడుస్తుంది. "బుధవారానికి ఐదు జాకెట్లు ఇవ్వాలి, రెండింటికి ఫాల్స్ కూడా ఉంది, కస్టమర్లకి పంపడానికి మర్యాదగా చిన్న మెసేజ్ రాసిపెట్టు" అని నోటితో చెబితే రాసిస్తుంది. ఫొటోలో చీర వెనక కనబడే బకెట్టునో స్విచ్ బోర్డునో చెరిపేసే మ్యాజిక్ ఎరేజర్, ఒకప్పుడు పిక్సెల్ ఫోన్లకీ డబ్బు కట్టినవాళ్లకీ మాత్రమే ఉండేది, 2024 మే నుంచి గూగుల్ ఫొటోస్ వాడే అందరికీ ఇస్తున్నారు.

ఇందులో ఒక్కచోట జాగ్రత్తగా ఉండండి. 2025 సెప్టెంబరులో నానో బనానా అనే గూగుల్ ఏఐకి మామూలు ఫొటో ఇస్తే పట్టుచీరలో తయారుచేసి ఇచ్చే సరదా ఊరూరా పాకింది. ఆ అలవాటుతో, "ఈ చీర నా మీద ఎలా ఉంటుందో చూపించండి" అని మీ కస్టమర్లూ అడుగుతారు. వ్యాపారానికి మంచిదే. కానీ ఆ ఫొటో మీ ఫోన్‌లో ఉండదు, బయటి కంప్యూటర్లకి వెళ్తుంది. కాబట్టి ఆవిడ ఫోన్లోనే ఆవిడ చేతులతోనే చేసుకోమనండి. మీరు చీర ఫొటో మాత్రం పంపండి. నమ్మి కొలతలిచ్చిన ఆడవాళ్ల ఫొటోలు మీ చేతుల మీదుగా ఎక్కడికీ వెళ్లకూడదు.

మడత ఫోన్ విషయంలో మీ అబ్బాయి ఉద్దేశం మంచిదే. గెలాక్సీ ఫోల్డ్7 మనదగ్గర విడుదలైనప్పటి ధర 1,74,999. వడ్డీ లేదనుకున్నా 24 నెలలకి నెలకి 7,300 దాకా పడుతుంది. జాకెట్ కుట్టుకూలి 350 అనుకుంటే ప్రతి నెలా మొదటి 21 జాకెట్లు ఫోన్ కోసమే కుట్టాలి, రెండేళ్లపాటు. పైగా మీ కొట్టు ఆ ఫోన్ ఉండాల్సిన చోటు కాదు. లోపలి స్క్రీన్ మడత పడాలి కాబట్టి దాని పై పొర మెత్తగా ఉంటుంది, గుండుసూది మొన తగిలినా గీత పడుతుంది. నీళ్లకి తట్టుకుంటుందని చెబుతారు, అది నిజమే. దుమ్ము విషయంలో మాత్రం, దుమ్మూ నీళ్లూ ఎంతవరకు ఆపుతుందో చెప్పే ఐపీ48 అనే రేటింగ్ ఆ ఫోన్‌కుంది, అందులో 4 అంటే ఒక మిల్లీమీటరు కన్నా పెద్దవాటినే ఆపుతుందని అర్థం. దారప్పోగుల నూగు, మార్కింగ్ సుద్ద పొడి ఆ మడతలోకి వెళ్లకుండా ఆపడం మీవల్ల అవుతుందా?

డిజైన్లు చూపించడానికే మీ పాత ఫోన్. దానికి బ్యాటరీ వేయించండి. బజార్లో కాకుండా ఆ కంపెనీ సొంత సర్వీస్ సెంటర్లో వేయిస్తే మంచిది. తణుకులో లేకపోతే భీమవరమో రాజమండ్రో వెళ్లాల్సి రావచ్చు, అయినా ఫర్వాలేదు. ముందు ధర కనుక్కోండి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మొదలుపెట్టిన రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్‌లో చాలా కంపెనీల సర్వీసు వివరాలున్నాయి, మీ అబ్బాయి చూసి చెప్పగలడు. ఫోన్ వెనక మూత కాస్తయినా పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఛార్జింగ్ పెట్టడం ఆపేయండి, చేత్తో నొక్కి చూడొద్దు, నేరుగా తీసుకెళ్లిపోండి. బ్యాటరీ వేయించాక ఫోన్ మొత్తం రీసెట్ చేసి, సిమ్ తీసేసి, బ్యాంకు యాప్‌లేవీ లేకుండా, డిజైన్ల ఫొటోలు మాత్రం నింపి కౌంటర్ మీద పెట్టండి. కస్టమర్ పిల్లలు లాక్కుని ఆడుకున్నా మీకు టెన్షన్ ఉండదు.

మీ మరిది గారు చెప్పిన కళ్లజోళ్లు వచ్చేశాయి. రేబాన్ మెటా గ్లాసెస్ 2025 మేలో మనదేశంలో 29,900 నుంచి అమ్మకానికి పెట్టారు. ఫొటో తీస్తాయి, పాట వినిపిస్తాయి, అడిగినదానికి జవాబు చెబుతాయి. కానీ జేబులో ఫోన్ ఉంటేనే వాటికి బతుకు. ఫోన్ లేకుండానే అన్నీ చేస్తామని హ్యుమేన్ అనే అమెరికా కంపెనీ చొక్కాకి తగిలించుకునే ఏఐ పిన్‌ని 699 డాలర్ల ధరకి, 2024 ఏప్రిల్‌లో కొన్నవాళ్లకి అందించడం మొదలుపెట్టింది. 2025 ఫిబ్రవరి 28న కంపెనీ తన సర్వర్లు ఆపేసింది, ఆ రోజుతో కొన్నవాళ్ల చేతుల్లో అది దాదాపు ఎందుకూ కొరగాని వస్తువైపోయింది. వీటికోసం ఆగి, మూడింటికే ఆరిపోయే ఫోన్‌తో వ్యాపారం నష్టపోవద్దు.

కళ్లజోళ్ల మాట వచ్చింది కాబట్టి, మీ కొట్టుకి సంబంధించి ఒకటి చెప్పాలి. అవి చూడటానికి మామూలు కళ్లజోడులాగే ఉంటాయి, కెమెరా ఫ్రేమ్ మూలలో చిన్న చుక్కలా ఉంటుంది. రికార్డు అవుతున్నప్పుడు రెండో మూలలో తెల్లటి లైటు వెలుగుతుంది. మీ దగ్గర ఆడవాళ్లు కొలతలిస్తారు, జాకెట్ వేసుకుని చూసుకుంటారు. కస్టమర్‌తోపాటు వచ్చిన వాళ్లెవరి కళ్లజోడు మీదైనా ఆ చుక్క కనిపిస్తే, తీసి సంచిలో పెట్టుకోమని నిర్మొహమాటంగా చెప్పండి. "కొలతలు తీసేచోట ఫోన్లు, కెమెరా కళ్లజోళ్లు వాడరాదు" అని ఒక కాగితం మీద రాసి గోడకి అతికించండి. మీ కొట్టు, మీ మాటే చెల్లుతుంది.

ఒకవేళ ఎవరైనా ఖరీదైన ఫోన్‌ని సెకండ్ హ్యాండ్‌లో 25 వేలకి ఇస్తామంటే, అప్‌డేట్ల సంవత్సరం చూసుకున్నాక ఇంకో పని చేయండి. ఆ ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య వస్తుంది. మీ ఫోన్ నుంచి కేవైఎం (KYM) అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పంపండి. దొంగిలించిన ఫోన్ అని బ్లాక్ చేసి ఉంటే తెలుస్తుంది.

కొత్త ఫోన్ వచ్చాక దాన్ని ఇస్త్రీ బల్ల మీద పెట్టకండి. నేను చూసిన చాలా టైలరింగ్ షాపుల్లో ప్లగ్ అక్కడే ఉంటుంది కాబట్టి ఫోన్ ఛార్జింగూ ఇస్త్రీపెట్టె పక్కనే. బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేసేది వేడి. మన ఎండాకాలంలో రేకుల కింద మామూలుగానే 40 డిగ్రీలు దాటుతుంది, దానికి ఇస్త్రీపెట్టె సెగ, ఛార్జింగ్ వేడి తోడైతే ఎంత మంచి బ్యాటరీ అయినా రెండేళ్లకే నీరసపడుతుంది. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు కొని, ఛార్జింగ్ పెట్టే చోటు ఫ్యాన్ గాలి తగిలే మూలకి మార్చండి. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉంటే అది పెట్టుకోండి, పండగ రోజుల్లో మాత్రం తీసేసి నిండా పెట్టుకోవచ్చు.

ఆఖరుగా, కొత్త ఫోన్ చేతికి రాగానే తొందరపడి పాతదాన్ని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లొద్దు. నాలుగేళ్ల ఆర్డర్లు, కొలతల ఫొటోలు, కస్టమర్లతో మాటలు అన్నీ ఆ పాత వాట్సాప్‌లో ఉన్నాయి. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని, పాతదాంట్లో వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్, ట్రాన్స్‌ఫర్ చాట్స్ అన్న చోటికి వెళ్తే కొత్త ఫోన్‌లో కనిపించే క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేయమంటుంది. ఆదివారం కొట్టు మూసి ఉన్నప్పుడు, మీ అబ్బాయి ఇంటికొచ్చిన రోజు చూసుకుని చేయండి, గంటకి పైనే పట్టవచ్చు. తర్వాత సిమ్ మార్చి, యూపీఐ యాప్ తెరిచి, మీ నంబరు నుంచి మెసేజ్ వెళ్లి ఖాతా కనిపించేదాకా చూసి, ఒక్క రూపాయి మీ అబ్బాయికి పంపించండి. అది చేరిందన్నాక, పాత ఫోన్‌ని బ్యాటరీకి ఇవ్వండి.